ముందు బండికి ఎడము
వేగమును తానే సవరించుకొను కారును, దానిని నడుపువాని బాధ్యతయు

రోడ్డుమీద ఒక బండి వెనుక మరియొక బండి పోవునపుడు ఆ రెంటి నడుమనుండు ఖాళీ స్థలమును చాలమంది వ్యర్థమైన జాగాగా తలంతురు. ముందున్నవాడు నాలుగడుగులు కదలగానే ఆ జాగాను పూరించుటకు త్వరపడుదురు. నిజమునకు ఆ జాగాయే వారి ప్రాణమునకు కంచె. ముందు బండి ఆకస్మికముగా ఆగినప్పుడు వెనుకనున్నవాడు చూచుటకును, ఆలోచించుటకును, బ్రేకు త్రొక్కుటకును కావలసిన వ్యవధినంతయు ఆ ఎడమే ఇచ్చుచున్నది.

భారతదేశమున 2022వ సంవత్సరములో 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినవని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించినది. వానిలో 1,68,491 మంది చనిపోయిరి. 2023లో మృతుల సంఖ్య 1,72,890కి పెరిగినది. అనగా దినమునకు 470 మందికి పైగా. 2022లో జరిగిన ప్రమాదములలో ఐదవ వంతునకు మించినవి ఒక బండి వెనుకనుండి వచ్చి మరియొక దానిని గ్రుద్దుటవలన కలిగినవే. వీనిలో అనేకము చాలినంత ఎడము లేకపోవుటచేతనో, ఎడమున్నను నడుపువాని దృష్టి దానిపై లేకపోవుటచేతనో జరుగునట్టివి.

ఈ ఎడమును తానే కనిపెట్టి, తానే కాపాడు యంత్రమొకటి ఇప్పుడు మనదేశపు కార్లలోనికి వచ్చినది. దానిని ‘అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్’ అందురు. ముందు బండిని గమనించి తన వేగమును సవరించుకొను ఏర్పాటు అని దాని భావము. 2020 తరువాత మనదేశములో అమ్ముడగుచున్న పెక్కు కార్లలో ఇది కనబడుచున్నది. కోల్‌కతా వంటి మహానగరమున దీనిని ఎచ్చట వాడవచ్చునో, ఎచ్చట వాడరాదో తెలిసికొనుట కారున్నవారికే కాక, ఆ కారు ముందు నడచుచు పోవువారికి కూడ ప్రాణావసరమైన విషయము.

యంత్రము పుట్టిన విధము

కారు వేగమును ఒకే తీరున నిలుపు యంత్రమును మొదట కల్పించినవాడు అమెరికా దేశస్థుడైన రాల్ఫ్ టీటర్ అను ఇంజనీరు. ఆయన బాల్యములోనే ఒక ప్రమాదమువలన చూపు కోల్పోయిన అంధుడు. ఒకనాడు ఆయన తన వకీలు నడుపు కారులో పోవుచుండగా, ఆ వకీలు మాటలాడునపుడు వేగము తగ్గించుచు, వినునపుడు హెచ్చించుచు కుదుపులు కలిగించెననియు, ఆ విసుగులోనుండియే ఈ ఆలోచన పుట్టెననియు చెప్పుదురు. ఆయనకు 1950లో పేటెంటు లభించినది. 1958లో క్రైస్లరు కంపెనీవారు తమ ఇంపీరియల్ కారులో ఈ యంత్రమును అమర్చి అమ్మిరి. ఇంచుమించు ఆ కాలముననే కోల్‌కతాకు సమీపమునగల ఉత్తరపాడా కర్మాగారములో అంబాసిడరు కారు తయారగుట ఆరంభమైనది. 2014లో ఆ ఉత్పత్తి నిలిచిపోవువరకు మన అంబాసిడరులో వేగమును నిర్ణయించినది నడుపువాని కుడికాలు మాత్రమే.

టీటరు కల్పించిన యంత్రమునకు ముందు బండి సంగతి తెలియదు. గంటకు 80 కిలోమీటర్లని నిర్ణయించినచో, ఎదుట ఏమున్నను అది 80 కిలోమీటర్ల వేగముననే పోవును. ఈ లోపమును తీర్చుటకు 1990ల దశకములో జపానువారును, జర్మనులును ప్రయత్నించిరి. 1995లో మిత్సుబిషి కంపెనీవారు లేజరు కిరణములతో ముందు బండి దూరమును కొలుచు ఏర్పాటును ఒక కారులో ప్రవేశపెట్టిరి. అయితే ఆ కారు ఇంజను శక్తిని తగ్గించుకొనగలిగినదేగాని, తానుగా బ్రేకు వేయజాలకపోయినది. ఆ దశకము చివర జర్మనీలోని మెర్సిడెస్ కంపెనీవారు రాడారుతో నడచి, బ్రేకు కూడ వేయగల యంత్రమును తెచ్చిరి. నేటి కార్లలోని ఏర్పాటులు దానికి వారసులే.

కోల్‌కతాలో కొలువబడిన తరంగములు

ఈ యంత్రమునకు కన్నువంటిది రాడారు. కారు ముందుభాగమునుండి అది కంటికి కనబడని సూక్ష్మమైన విద్యుత్తరంగములను పంపును. అవి ముందు బండిని తాకి తిరిగి వచ్చును. పోయి వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి దూరమును, తరంగములలో కలిగిన మార్పునుబట్టి ముందు బండి దగ్గరగుచున్నదో దూరమగుచున్నదో ఆ సంగతిని యంత్రము గ్రహించును. ముందు బండి 50 మీటర్ల దూరములో ఉన్నచో ఆ తరంగము పోయి వచ్చుటకు పట్టు కాలము సెకనులో ముప్పది లక్షలవ వంతు మాత్రమే. అధికముగా వాడుకలోనున్న కారు రాడారుల తరంగపు నిడివి సుమారు 4 మిల్లీమీటర్లు.

ఇట్టి మిల్లీమీటరు తరంగములతో తొలుత ప్రయోగములు చేసిన మహనీయుడు కోల్‌కతా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడుగా నుండిన జగదీశ చంద్ర బోసు. 1894–96 సంవత్సరములలో ఆయన 5 మిల్లీమీటర్ల వరకు చిన్నవైన తరంగములను పుట్టించి, అవి గోడలను దాటి ఆవలనున్న గంటను మ్రోగించుటను ప్రజలకు ప్రదర్శించి చూపెను. ఆయన కల్పించిన గెలీనా స్ఫటిక గ్రాహకమునకు 1904లో అమెరికాలో పేటెంటు లభించినది. ఆయన ప్రయోగములను 2012లో ఐ.ఇ.ఇ.ఇ. అను అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ చరిత్రలో ఒక మైలురాయిగా గుర్తించినది. రాడారును బోసుగారు కనిపెట్టిరనుట సరికాదు. కాని నేడు కారు ముందుభాగమున పనిచేయు తరంగముల జాతిని ప్రయోగశాలలో పట్టి, వంచి, కొలిచి చూపిన తొలివారిలో ఆయన అగ్రగణ్యుడు. ఆ తరంగములు కొలువబడిన నగరముననే వాని పరిమితులు కూడ అన్నిటికంటె స్పష్టముగా బయటపడుచున్నవి.

యంత్రము చూచునది, చూడనిది

నడుపువాడు తనకు కావలసిన వేగమును, ముందు బండికి ఉంచవలసిన ఎడమును మీటలతో నిర్ణయించును. ఈ ఎడము మీటర్లలో కాక సెకండ్లలో లెక్కింపబడును. అనగా ముందు బండి దాటిన చోటికి మన బండి ఎన్ని సెకండ్లకు చేరునో అదియే ఎడము. ముందు దారి ఖాళీగా నున్నచో కారు నిర్ణీత వేగమున పోవును. ఎవరైనను అడ్డుపడినచో ఇంజను శక్తిని తగ్గించుకొని, అవసరమైనచో మెల్లగా బ్రేకు వేసికొని, ఆ ఎడమును నిలుపుకొనును. దారి తెరపి కాగానే తిరిగి వేగము పుంజుకొనును. సుదూర ప్రయాణములో కుడికాలికి ఇది గొప్ప విశ్రాంతి.

కాని ఇది సౌకర్యమునకు ఉద్దేశింపబడిన ఏర్పాటు, ఆపద్రక్షకము కాదు. ఈ యంత్రములకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము, హెచ్చు వేగములో యంత్రము తనంత తాను సెకనుకు సెకనుకు 3.5 మీటర్లకు మించి వేగమును తగ్గింపరాదు. పొడి రోడ్డుమీద మనిషి గట్టిగా బ్రేకు త్రొక్కినచో దీనికి రెట్టింపు తగ్గుదల సాధ్యము. గంటకు 90 కిలోమీటర్ల వేగమున పోవు కారు గట్టి బ్రేకుతో ఇంచుమించు 45 మీటర్లలో ఆగగలుగును. ఈ యంత్రము వేయు మెత్తని బ్రేకుతో ఆగవలెనన్నచో దాదాపు 90 మీటర్లు పట్టును. ఆపద దగ్గరపడినపుడు తానుగా గట్టి బ్రేకు వేయు ఏర్పాటు వేరొకటి కలదు. చాల కార్లలో రెండును కలిసియుండుటచే జనులు వానిని ఒకటిగా భ్రమించుచున్నారు. ఆ రెండవది కూడ అన్ని వేళల, అన్ని వస్తువులను పసికట్టగలదని నమ్మరాదు.

అంతకంటె ముఖ్యమైన సంగతి నిలిచియున్న బండిని గూర్చినది. రోడ్డు ప్రక్కనుండు ఇనుప కంచెలు, దారి చూపు పలకలు, పైవంతెనల దూలములు – ఇవన్నియు రాడారు తరంగములను త్రిప్పి పంపును. వానిలో ప్రతిదానికిని బ్రేకు వేసినచో కారు అడుగడుగునకు ఆగిపోవును. అందుచేత కదలక నిలిచియున్న వస్తువులలో అనేకమును లెక్కింపకుండునట్లు ఈ యంత్రములు రూపొందింపబడినవి. కెమెరా సహాయముతో నేటి యంత్రములు నిలిచిన బండ్లను కొంతవరకు గుర్తించుచున్నను, హెచ్చు వేగములో ఆ గుర్తింపు ఆలస్యము కావచ్చును, అసలు జరుగకపోవచ్చును. మన ముందు పోవు కారు ఉన్నట్లుండి ప్రక్క వరుసకు తప్పుకొనినదనుకొనుడు. దాని మరుగున చెడి నిలిచిన లారీ ఉన్నదనుకొనుడు. మన యంత్రమునకు ముందు బండి తొలగిపోయి దారి ఖాళీయైనట్లు తోచవచ్చును. అప్పుడది ఆగుటకు మారుగా వేగము హెచ్చించును. 90 కిలోమీటర్ల వేగమున 100 మీటర్ల దూరము నాలుగు సెకండ్లలో కరగిపోవును. ఆ నాలుగు సెకండ్లలో రక్షింపగలిగినది నడుపువాని కన్నును, కాలును మాత్రమే.

మోటారు సైకిలు సన్నని వస్తువు. వరుసకు ఒక అంచున పోవుచుండినచో రాడారునకు చిక్కకపోవచ్చును. వంపులో ముందు బండి రాడారు చూపునుండి తప్పిపోవును. ప్రక్క వరుసలోని బండి ముందున్నట్లు భ్రమ కలుగును. బురద, కుంభవృష్టి, దట్టమైన మంచు యంత్రపు కన్నులను కప్పివేయును. ఎదురుదిశలో తప్పుదారిన వచ్చు బండిని, రోడ్డు దాటు మనిషిని, అడ్డువచ్చు పశువును ఈ వేగనియంత్రణము లెక్కలోనికి తీసికొనునని ఎంతమాత్రము భావింపరాదు.

కోల్‌కతా వీధులలో

2001 నుండి కోల్‌కతాయని అధికారికముగా పిలువబడుచున్న ఈ నగరము మోటారు బండికి ముందే పెరిగిన నగరము. 1873లో ఇక్కడ గుఱ్ఱములు లాగు ట్రాము నడచినది. 1902లో విద్యుత్ ట్రాము వచ్చినది. నగర విస్తీర్ణములో వీధులకు దక్కిన భాగము చాల స్వల్పము. ఆ స్వల్పభాగమునే బస్సులు, మినీ బస్సులు, టాక్సీలు, ఆటోలు, మోటారు సైకిళ్లు, సరకు త్రోయు బండ్లు, కొన్ని పేటలలో నేటికిని మనిషి లాగు రిక్షాలు, వానితోపాటు పాదచారులు పంచుకొనుచున్నారు. బడాబజారులో తలపై మూట పెట్టుకొని పరుగెత్తు కూలి ఏ నిమిషమున ఏ ప్రక్కకు తిరుగునో ఏ రాడారును ముందుగా చెప్పజాలదు. శ్యాంబజారు ఐదుదారుల కూడలిలో బస్సు పూర్తిగా ఆగకమునుపే దిగువారున్నారు.

ఇట్టి వీధులలో రెండు సెకండ్ల ఎడము నిలుపుట ఎట్లు? ఎడము కనబడగానే ఆటో ఒకటి అందులో దూరును. యంత్రము బ్రేకు వేసి మరల ఎడము కల్పించును. మరల మరియొకటి దూరును. ఇట్లు అడుగడుగునకు వేగము తగ్గుచు హెచ్చుచు పోవు కారును వెనుకవాడు గ్రుద్దు ప్రమాదము కలదు. కావున నగరపు లోపలి వీధులలో ఈ యంత్రమును వాడకుండుటయే మేలు. అట్లని ఎడము విడువవలసిన పని లేదనికాదు. దానిని కాలితోను కంటితోను నడుపువాడే కాపాడుకొనవలెను.

వీధుల ఏర్పాటు కూడ యంత్రమునకు అంతుపట్టనిది. కోల్‌కతాలో కొన్ని వీధులలో ప్రొద్దుట ఒక దిశగా, మధ్యాహ్నము పిమ్మట ఎదురు దిశగా రాకపోకలు సాగించు పద్ధతి కలదు. ట్రాములు నేడు కొలది దారులకే పరిమితమైనను, కొన్ని వీధులలో పట్టాలు ఇంకను ఉన్నవి. వానలో తడిసిన ఇనుప పట్టాపై చక్రము జారును. చైత్ర వైశాఖములలో ‘కాలబైశాఖి’ అను గాలివాన క్షణములో కమ్ముకొని వచ్చును. వర్షకాలమున పల్లపు వీధులలో మోకాటిలోతు నీరు నిలుచును. దుర్గాపూజ రాత్రులలో మండపములను చూడవచ్చు జనులతో వీధులన్నియు నిండిపోవును. పసిపిల్లలు పెద్దల చేయి విడిచి పరుగెత్తుదురు. అట్టి రాత్రి స్థిరవేగమను మాటకే అర్థము లేదు. చేయెత్తిన పోలీసు జవాను ఆజ్ఞను ఈ యంత్రము గ్రహింపలేదను సంగతి కూడ మరువరాదు.

నగరమునకు తూర్పుగా పోవు ఈస్టర్న్ మెట్రోపాలిటన్ బైపాసు, 2015లో తెరువబడిన మా ఫ్లైఓవరు, 1992లో తెరువబడిన విద్యాసాగర్ సేతువు – ఇవి కొంత ధారాళమైన దారులు. రాకపోకలు పలుచగానున్న వేళ యంత్రము ఇచ్చట పనికివచ్చునని కొందరందురు. అయితే వంతెనలపై వంపులు కలవు. దిగుచోట బండ్లు హఠాత్తుగా బారుతీరి ఆగియుండును. బైపాసుపై కూడళ్లు, రోడ్డు దాటు జనులు కలరు. నిర్ణీత వేగపు హద్దు యంత్రమునకు తెలియునని తలంపక, పలకమీద వ్రాసినదానిని నడుపువాడే చూచి అనుసరింపవలెను.

రాజమార్గమున

ఈ యంత్రమునకు తగిన తావు విశాలమైన రాజమార్గము. విశాఖపట్టణమునుండి కోల్‌కతాకు పోవు తెలుగువారికి 16వ నంబరు జాతీయ రహదారి చిరపరిచితము. శ్రీకాకుళము, బరంపురము, భువనేశ్వరము, కటకము, బాలేశ్వరము మీదుగా ఆ దారి, బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి తెలుగు కుటుంబములు స్థిరపడిన ఖరగ్‌పూరునకు పోవును. అచ్చటినుండి కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిని దాటి, హౌరా జిల్లాలో ప్రవేశించి, కోనా ఎక్స్‌ప్రెస్ మార్గము ద్వారా విద్యాసాగర్ సేతువును చేరవచ్చును. ఇంచుమించు 900 కిలోమీటర్ల ఈ ప్రయాణములో, పగటివేళ, పొడి వాతావరణమున, యంత్రము నడుపువాని శ్రమను చాల తగ్గించును.

కాని ఈ రహదారిమీద కూడ పల్లెలున్నవి. నడిమి గట్టులోని సందులగుండ మోటారు సైకిళ్లు దాటును. వరి కోతల కాలమున రోడ్డు అంచున ధాన్యము ఆరబోయుదురు. చెడిన లారీలు రాత్రివేళ వెనుక దీపములు లేక, నాలుగు రాళ్లు మాత్రము అడ్డము పెట్టుకొని నిలిచియుండును. పైన చెప్పినట్లు, నిలిచిన లారీయే ఈ యంత్రమునకు అన్నిటికంటె కష్టమైన పరీక్ష. పుష్య మాఘముల తెల్లవారుజామున గంగానదీ మైదానముల రోడ్లపై మంచు క్రమ్ముకొనును. మంచులో చూపు ఆనినంత దూరములో కారును ఆపగలిగిన వేగమే సరియైన వేగము. యంత్రమున్నను లేకున్నను ఈ నియమము మారదు.

ఎంత ఎడము చాలును?

ఆపదను చూచిన క్షణమునకును, కాలు బ్రేకుపై పడు క్షణమునకును నడుమ సామాన్యముగా ఒకటిన్నర సెకను గడచును. ఆ వ్యవధిలో కారు పూర్తి వేగముతోనే ముందుకు పోవుచుండును. తరువాతనే బ్రేకు పనిచేయుట. పొడి రోడ్డుపై మంచి టైరులు, మంచి బ్రేకులు గల కారును గూర్చి లెక్క ఇట్లుండును:

గంటకు 60 కిలోమీటర్ల వేగమున – చూచి త్రొక్కులోపల 25 మీటర్లు, బ్రేకు పడినపిదప 20 మీటర్లు; మొత్తము 45 మీటర్లు.
గంటకు 80 కిలోమీటర్ల వేగమున – 33 మీటర్లు, 35 మీటర్లు; మొత్తము 68 మీటర్లు.
గంటకు 100 కిలోమీటర్ల వేగమున – 42 మీటర్లు, 55 మీటర్లు; మొత్తము 97 మీటర్లు.

తడిసిన రోడ్డుపై రెండవ అంకె రెట్టింపు కాగలదు. అనగా 100 కిలోమీటర్ల వేగమున పోవు కారు వానలో ఆగుటకు 150 మీటర్లు కావలసివచ్చును. వేగము 60 నుండి 100కు పెరిగినది. ఆగు దూరము మాత్రము రెట్టింపునకు మించి పెరిగినది. వేగమిచ్చు లాభము కొలది నిమిషములు; అది తెచ్చు నష్టము వేరు కొలతలది. సగటు వేగము నూటికి ఒక వంతు పెరిగినచో ప్రాణాంతక ప్రమాదముల సంభావ్యత నూటికి నాలుగు వంతులు పెరుగునని ప్రపంచ ఆరోగ్యసంస్థ తెల్పుచున్నది. కారు ముందుభాగము తగిలిన పాదచారి మరణించు అవకాశము 50 కిలోమీటర్ల వేగమునకంటె 65 కిలోమీటర్ల వేగమున నాలుగున్నర రెట్లు హెచ్చు.

ఎడమును కొలుచుటకు సులభమైన ఉపాయము కలదు. ముందు బండి ఒక స్తంభమునో, చెట్టునో దాటగానే మనస్సులో ‘వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు, వెయ్యిన్నిమూడు’ అని నిదానముగా లెక్కింపవలెను. లెక్క ముగియకముందే మనము ఆ స్తంభమును చేరినచో మిక్కిలి దగ్గరగా పోవుచున్నామన్నమాట. పొడి వాతావరణమున మూడు సెకండ్లు మంచి అలవాటు; వానలోను, చీకటిలోను, లారీ వెనుకను అంతకు మించి ఉండవలెను. యంత్రములలో కనిష్ఠపు ఎడము ఒక సెకను ప్రాంతమున కూడ ఉండుట కలదు. ఎడము మీటను ఎల్లప్పుడును అన్నిటికంటె హెచ్చు మెట్టుననే ఉంచుట క్షేమము.

మనస్సును, దేహమును

యంత్రము కాలికి విశ్రాంతినిచ్చును. ఆ విశ్రాంతి మెల్లగా మనస్సునకు ప్రాకును. చేయవలసిన పని తగ్గినకొలది మనిషి శ్రద్ధ సడలుట సహజము. అంతవరకు బాగుగా పనిచేసిన యంత్రమును జూచి నడుపువాడు నిశ్చింతుడగును, ఫోను చేతికి తీసికొనును, కనురెప్పలు వాలును. సరిగా అట్టి సమయముననే యంత్రము చేయజాలని పని ఎదురైనచో, పరాకునుండి తేరుకొని బ్రేకు త్రొక్కుటకు ఒకటిన్నర సెకను చాలదు. ఎటువంటి యంత్రమున్నను బండి నడిపినవాడే బాధ్యుడు. ముందు బండికి చాలినంత ఎడము ఉంచవలెనను విధిని మోటారు వాహనముల నడుపు నిబంధనలు అతనిపైననే ఉంచినవి.

నిద్రమత్తును ఏ యంత్రమును పోగొట్టజాలదు. అర్ధరాత్రి దాటిన తరువాత రెండు గంటలనుండి తెల్లవారు ఆరు గంటలవరకును, మధ్యాహ్న భోజనానంతరమును దేహము సహజముగా నిద్రను కోరును. ఆ వేళలలో దూరప్రయాణము మానుటయే ఉత్తమము. ప్రతి రెండు గంటలకు ఒకమారు బండి ఆపి, దిగి, నాలుగడుగులు నడువవలెను. ఆవులింతలు వరుసగా వచ్చుచున్నను, గడచిన రెండు మైళ్ల దారి జ్ఞప్తికి రాకున్నను, వెంటనే క్షేమమైన చోట ఆపి ఇరువది నిమిషములు కునుకు తీయవలెను. టీ త్రాగుటయు, కిటికీ తెరచుటయు నిద్రకు బదులు కానేరవు.

జలుబునకు, దురదలకు వాడు కొన్ని మాత్రలు మత్తు కలిగించును. వానిని వాడువారు బండి నడుపవచ్చునో లేదో వైద్యుని అడిగి తెలిసికొనవలెను. మధుమేహమునకు ఇన్సులిను పుచ్చుకొనువారు వేళకు భుజింపక బండి నడుపరాదు. నలుబది ఏండ్లు దాటినవారు ఏటేట కంటి పరీక్ష చేయించుకొనుట మంచిది. మద్యము సంగతి చెప్పనేల? 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారమున్నచో చట్టరీత్యా నేరము; దేహధర్మమునుబట్టి చూచినచో అంతకంటె తక్కువయైనను చూపును, నిర్ణయమును మందగింపజేయును.

వాడువారు పాటింపవలసిన నియమములు

1. కారుతో వచ్చిన పుస్తకములో ఈ యంత్రమును గూర్చిన భాగమును పూర్తిగా చదువవలెను. ఏ వేగమునుండి ఏ వేగమువరకు పనిచేయునో, పూర్తిగా ఆగగలదో లేదో కారుకారునకు భేదమున్నది.
2. రాకపోకలు తక్కువగానున్న విశాలమైన దారిపై మొదట అభ్యసింపవలెను. ఒక్క తాకుడుతో యంత్రమును ఎట్లు మాన్పవలెనో చేతికి అలవడవలెను.
3. రాడారు, కెమెరా గల చోట్లను ప్రయాణమునకు ముందు తుడువవలెను. వానికి అడ్డముగా అలంకారములు, పూలదండలు, చీటీలు అంటింపరాదు.
4. జనసమ్మర్దముగల వీధులలోను, బడులు, ఆసుపత్రులు, సంతల వద్దను, కుంభవృష్టిలోను, మంచులోను, మెలికల దారిలోను యంత్రమును మాన్పవలెను.
5. కుడికాలును బ్రేకు దాపుననే ఉంచుకొనవలెను. కాళ్లు ముడుచుకొని కూర్చుండుట అపాయకరము.
6. ముందు బండిని మాత్రమే కాక, దాని ముందున్న బండిని కూడ గమనింపవలెను. దూరమున ఎర్రదీపములు వెలిగినచో యంత్రముకొరకు వేచియుండక తానే వేగము తగ్గింపవలెను.
7. ముందు బండి వరుస మారినప్పుడెల్ల దాని మరుగున ఏమున్నదో అని అనుమానింపవలెను.
8. ముందు కూర్చున్నవారేకాక వెనుక కూర్చున్నవారును నడికట్టు బిగించుకొనవలెను. ఇది ముందు సీటువారి మరణావకాశమును సగమువరకు తగ్గింపగలదు. వెనుక సీటువారికి కూడ ఇది చట్టరీత్యా విధాయకమే.

ప్రమాదము జరిగినచో

ఎంత జాగ్రత్తపడినను ప్రమాదము జరుగవచ్చును. ఇతరులకు జరిగినది మన కంటబడవచ్చును. మొదట మన బండిని క్షేమమైన చోట నిలిపి, హెచ్చరిక దీపములు వెలిగింపవలెను. 112 నంబరునకు ఫోను చేసి, జరిగిన చోటును స్పష్టముగా చెప్పవలెను. రక్తము కారుచున్న గాయముపై శుభ్రమైన గుడ్డ ఉంచి గట్టిగా అదిమి పట్టవలెను. మెడకుగాని, వెన్నుకుగాని దెబ్బ తగిలినట్లు తోచినచో, నిప్పు మొదలైన అపాయము లేనంతవరకు గాయపడినవానిని కదలింపరాదు. స్మృతి తప్పినవాని నోట నీరు పోయరాదు.

పోలీసులకు, కచేరీలకు భయపడి తొలగిపోవు కాలము పోయినది. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టములోని 134–ఎ విభాగము, సద్బుద్ధితో సాయము చేసినవానికి రక్షణ కల్పించినది. ఇష్టము లేనిచో అతడు తన పేరు చెప్పనక్కరలేదు. 2025 మే నెలలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పథకము ప్రకారము, రోడ్డు ప్రమాదమున గాయపడినవారికి ఏడు దినములవరకు, మనిషికి లక్షయేబదివేల రూపాయల మేరకు, నిర్ణీతమైన ఆసుపత్రులలో రొక్కము చెల్లింపకయే చికిత్స లభింపవలెను. దెబ్బ తగిలిన తరువాతి మొదటి గంటలో వైద్యము అందుట ప్రాణమునకు మూలాధారము. కోల్‌కతాలోని ఎస్‌.ఎస్‌.కె.ఎం. ఆసుపత్రివంటి చోట్ల ఇట్టి క్షతగాత్రులకొరకే ప్రత్యేక చికిత్సాకేంద్రములున్నవి. అయినను అక్కడికి చేర్చుట రోడ్డుమీదనున్నవాని చేతిలోని పని.

ప్రపంచమున ఏటేట ఇంచుమించు 12 లక్షలమంది రోడ్డు ప్రమాదములలో మరణించుచున్నారు. ఐదేండ్లనుండి ఇరువదితొమ్మిదేండ్లవరకు గల పిల్లలను, యువకులను బలిగొను కారణములలో ఇదియే మొదటిది. ఏ మందునకును లొంగని వ్యాధివలె దీనిని చూచి నిట్టూర్చవలసిన పని లేదు. దీనికి పథ్యము తెలిసినదే: తగిన వేగము, తగిన ఎడము, చెదరని చూపు. మంచి యంత్రము ఈ పథ్యమునకు తోడ్పడును, దానికి బదులుగా నిలువజాలదు. బడికి పోవు బిడ్డ రోడ్డు దాటునపుడు, వచ్చుచున్న కారులో రాడారున్నదో లేదో ఆ బిడ్డ ఎరుగదు. నడుపువాడు తనను చూచుచున్నాడను నమ్మకముతోనే అడుగు వేయును. ఆ నమ్మకమును నిలుపుట ప్రతి నడుపువాని ధర్మము.